లెక్కకి రాని ఋణాలు

"మీ హెచ్ ఇండెక్స్ ఎంత?"

ఆ మధ్య ఒక ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఏం చదివాను, ఏం రాశాను, ఎందుకు రాశాను అన్నవి తరవాత వచ్చాయి. "రెండు" అన్నాను. బోర్డులో ఒకాయన కాగితం మీద రెండు అని వేసుకున్నారు. పదేళ్ళుగా స్త్రీల ఆత్మకథలూ, పాత పత్రికలూ పట్టుకుని తిరిగిన తిరుగుడంతా ఆ అంకెలో ఇమిడిపోయింది. బయటికొచ్చి బస్సెక్కాక నవ్వొచ్చింది. ఇంటికి చేరేలోపు ఇంకో సంగతి తట్టింది. అది తట్టాక మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆ రెండు కూడా పూర్తిగా నాది కాదు.

ఎవరిదో చెప్పే ముందు, అసలు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. ఎందుకంటే మనలో చాలామందిమి దాన్ని చూసి కుంచించుకుపోతున్నాం, లేదా గర్వపడుతున్నాం. అది దేన్ని కొలుస్తుందో మాత్రం ఆగి చూడటం లేదు.

మాది తూకాల ఊరు. 1933లో మొదలైన పోర్టులో ఎగుమతి దిగుమతులన్నీ టన్నుల్లోనే మాట్లాడతారు. స్టీలు ప్లాంటు గొప్ప చెప్పాలంటే ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యం అంటారు. ఉక్కుని టన్నుల్లో తూచడంలో తప్పేం లేదు. కానీ ప్లాంటు కోసం భూములొదులుకున్న నిర్వాసితుల బరువు ఎంతో ఏ కాటా చెప్పదు. పోర్టు బొగ్గు ధూళి పాతూళ్ళో డాబాల మీద పడితే రోజూ కడిగే ఆడవాళ్ళ చాకిరీ ఏ టన్నులోకీ చేరదు. కొలత అబద్ధం చెప్పనక్కర్లేదు. తను దేన్ని కొలవడం లేదో చెప్పకుండా ఊరుకుంటే చాలు, మిగతాది లేనట్టే అయిపోతుంది.

సైటేషన్ లెక్క పుట్టినప్పుడు మనుషుల్ని తూచడానికి పుట్టలేదు. అమెరికాలో న్యాయవాదులు వాడుకునే పట్టికలుండేవి. ఒక పాత తీర్పుని ఆ తరవాత ఏయే కోర్టులు ప్రస్తావించాయో వాటిలో చూసుకునేవారు. శాస్త్రజ్ఞులకీ అలాంటి పట్టిక ఉంటే బావుంటుందని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' తెచ్చాడు. ఒక వ్యాసం చేతిలో ఉంటే, దాన్ని వాడుకున్న తరవాతి వ్యాసాలేమిటో తెలుసుకోవచ్చు. అంటే అది వెతుక్కునేవాళ్ళకి దారి చూపే పట్టిక. ఒక ఆలోచన ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరకి వెళ్ళిందో చెప్పే పట్టిక.

దారులున్నచోట ఎవరి గుమ్మంలోకి ఎక్కువమంది వచ్చారో లెక్కపెట్టడం మొదలవుతుంది. అదే జరిగింది. పత్రికలకి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వచ్చింది. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఒక మనిషి మొత్తం పరిశోధనకి ఒకే అంకె ఇచ్చే పద్ధతి చెప్పాడు. కనీసం పదేసి సార్లు ఇతరులు ఉటంకించిన వ్యాసాలు మీకు పది ఉంటే మీ హెచ్ ఇండెక్స్ పది. నావి రెండేసి సార్లకి తక్కువ కాకుండా ఉటంకించినవి రెండే ఉన్నాయి. కాబట్టి రెండు.

మన దగ్గర యూజీసీ 2010లో ఏపీఐ పాయింట్లు పెట్టింది. 2018 నిబంధనల్లో వాటిని మార్చి 'రిసెర్చ్ స్కోరు' అంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న పత్రికలో అచ్చయితే అదనంగా పాయింట్లిచ్చింది. పాయింట్లకోసం డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. 2018 మే నెలలో ఒక్కసారే 4,305 పత్రికల్ని యూజీసీ తన జాబితా నుంచి తీసేసింది. 2019లో 'కేర్' జాబితా పెట్టింది. 2025లో దాన్నీ ఎత్తేసింది. పదిహేనేళ్ళలో ఇన్నిసార్లు కాటా మారింది. కాటా ఎక్కమన్న ఆజ్ఞ మాత్రం మారలేదు.

ఆ 2018 నిబంధనల్లో నన్ను ఆపేసిన లెక్క ఇంకొకటుంది. ఒక వ్యాసాన్ని ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం పాయింట్లు. ఇద్దరికన్నా ఎక్కువమంది రాస్తే ముఖ్య రచయితకి 70 శాతం, మిగతావాళ్ళకి తలా 30 శాతం. ఇది చదివినప్పుడు నా బల్ల మీద 'మనకు తెలియని మన చరిత్ర' ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలని కలిసి, వాళ్ళ మాటలు రికార్డు చేసి, స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన పుస్తకం. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, ఉమామహేశ్వరి, సూసీ తారూ, వీణా శత్రుఘ్న కలిసి చేసిన పని. వీళ్ళలో ముఖ్య రచయిత్రి ఎవరు? 70 ఎవరికి, 30 ఎవరికి? ఊరూరూ తిరిగినామెకా, గంటల తరబడి టేపు విని రాసుకున్నామెకా, చర్చలో అందరి ఆలోచననీ ఒక మలుపు తిప్పినామెకా? సమష్టిగా చెయ్యడమే ఆ పుస్తకపు రాజకీయం. ఆ రాజకీయాన్ని విడగొడితే తప్ప దానికి పాయింట్లు రావు.

ఆ పుస్తకం ఇంగ్లీషు రూపం 1989లో వచ్చింది. దేశంలోనూ బయటా ఉటంకింపులు ఎక్కువగా దానికే దక్కాయి. తెలుగు మూలం లెక్కల్లో దాదాపు కనిపించదు. ఎందుకంటే లెక్క కట్టే పెద్ద డేటాబేసుల్లో తెలుగు పుస్తకాలకీ, తెలుగు పత్రికలకీ చోటు లేనట్టే. కాత్యాయనీ విద్మహే 'సాహిత్యాకాశంలో సగం'కి 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో స్త్రీల సాహిత్యం మీద పనిచేసేవాళ్ళెవరూ దాన్ని దాటి వెళ్ళలేరు. మన ఎం.ఏ. విద్యార్థినులు దాన్ని జిరాక్సులు తీసుకుని చదువుతారు. ఆ జిరాక్సులని ఏ ఇండెక్సు లెక్కపెడుతుంది?

భాష ఒక్కటే కారణం అనుకుంటే కూడా పొరపాటే. సైన్సుల్లో, ఇంగ్లీషులో, పేరున్న విశ్వవిద్యాలయాల్లో సంగతి చూద్దాం. రాబర్ట్ మెర్టన్ అనే సామాజికశాస్త్రవేత్త 1968లో 'మాథ్యూ ఎఫెక్ట్' అని ఒక సిద్ధాంతం చెప్పాడు. ఉన్నవాడికే ఇంకా వచ్చి చేరుతుంది. ఇద్దరు కలిసి ఒక పని చేస్తే, అప్పటికే పేరున్నవాడికే ఆ పని పేరు కూడా పోతుంది. బాగానే ఉంది. అయితే ఆ సిద్ధాంతానికి ఆధారం నోబెల్ గ్రహీతలతో చేసిన ఇంటర్వ్యూలు. ఆ ఇంటర్వ్యూలు చేసింది హారియట్ జుకర్‌మన్ అనే పరిశోధకురాలు. వ్యాసం మీద పేరు మాత్రం మెర్టన్ ఒక్కడిదే. ఆ వ్యాసం ఇద్దరి పేరు మీదా రావలసిందని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు. పేరున్నవాడికే పేరు పోతుందని చెప్పిన వ్యాసం విషయంలోనే అది జరిగింది. స్త్రీల పని పురుషుల ఖాతాలో పడటానికి మార్గరెట్ రోసిటర్ 1993లో 'మటిల్డా ఎఫెక్ట్' అని పేరు పెట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ మాట చెప్పిన అమెరికన్ స్త్రీవాది మటిల్డా గేజ్ పేరు అది. రోసిటర్ చేసిన పని నాకెందుకు నచ్చుతుందంటే, ఒక అన్యాయానికి పేరు పెట్టేటప్పుడు కూడా ఆమె ముందు తరం స్త్రీకి అప్పు తీర్చుకుంది.

మన ఊరి నుంచే ఒక ఉదాహరణ చెప్తాను. ఇది పురుషుడిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకుని వెళ్ళిన సి.ఆర్. రావు గారు 1945లో, పాతికేళ్ళు నిండకముందే, కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం రాశారు. గణాంకశాస్త్రంలో 'క్రామర్-రావు' పరిమితి, 'రావు-బ్లాక్‌వెల్' సిద్ధాంతం రెంటికీ మూలాలు అందులోనే ఉన్నాయి. 2023లో ఆయనకి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది, నూటమూడో ఏడు నిండబోతుండగా, ఆయన పోయారు. ఇవాళ ఒక స్క్రీనింగ్ కమిటీ ముందు ఆ వ్యాసం పెట్టి, రచయిత పేరు దాచేస్తే, మొదట అడిగేది పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత అని. ఇంకో సంగతి. ఒక ఆలోచన పూర్తిగా అందరిదీ అయిపోయాక ఎవరూ మూల వ్యాసం పేరు రాయరు. 'క్రామర్-రావు ప్రకారం' అని ముందుకెళ్ళిపోతారు. అంటే అన్నిటికన్నా లోతుగా ఇంకిపోయిన ప్రభావం కూడా లెక్కలోంచి జారిపోతుంది.

రావు గారి కథలో నన్ను పట్టుకున్నవి మాత్రం వేరే రెండు సంగతులు. ఒకటి, ఆ ఫలితం ఒక విద్యార్థి తరగతిలో వేసిన ప్రశ్న నుంచి పుట్టిందని ఆయనే చెప్పారు. ఆ విద్యార్థి తరవాత ఆర్థికశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న వి.ఎం. దండేకర్. రెండోది, ఆయన ఒక పుస్తకాన్ని తల్లి లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోడానికి నూనె దీపం వెలిగించి ఇచ్చేదని అందులో రాసుకున్నారు. నాలుగింటికి కొడుకుని లేపాలంటే తను ఎన్నింటికి లేవాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొడుకు మర్చిపోలేదు, రాశారు. దానికి ఆయన్ని గౌరవిస్తాను. కానీ పుస్తకంలో ఆడవాళ్ళకి దొరికే చోటు ఎక్కడో గమనించండి. అంకితం పేజీలో, కృతజ్ఞతల్లో. తల్లి, భార్య, టైపు చేసిపెట్టిన చెల్లెలు, పాత పుస్తకాలిచ్చిన పక్కింటావిడ. పేజీ నంబరు కూడా ఉండని ఆ ముందు పేజీల్లో ప్రేమగా తలుచుకుంటారు. లెక్క మొదలయ్యేది ఆ తరవాత.

ఇప్పుడు నా రెండు దగ్గరకి వస్తాను.

మా ఊరి పాతపోస్టాఫీసు ప్రాంతంలో రిటైరయిన టీచరు గారొకరున్నారు. ఎనభై దాటాయి. వాళ్ళమ్మ గారు దాచిన 'గృహలక్ష్మి', 'ఆంధ్రమహిళ' లాంటి పాత పత్రికలు ఆమె దగ్గర కట్టలుగా ఉన్నాయి. పోర్టు బొగ్గు ధూళి పడకుండా పాత నేతచీరల్లో చుట్టి, ఇనప్పెట్లో పెట్టారు. పీహెచ్‌డీ రెండో ఏట నేను ఆమె గుమ్మం ఎక్కాను. పత్రికలతోపాటు నాలుగు రూళ్ళ పుస్తకాలు నా ముందు పెట్టారు. ముప్పై ఏళ్ళ పాటు, బడి నుంచొచ్చి వంట చేశాక, ఆమె రాసుకున్న పట్టిక అది. రచన పేరు, రచయిత్రి పేరు, నెల, సంవత్సరం, పేజీ. చివర ఇంకో గడి. అందులో, ఈ వ్యాసానికి జవాబుగా తరవాత ఏ సంచికలో ఎవరు ఉత్తరం రాశారు, ఎవరు కథ రాశారు అని ఉంది. 'ఒక సోదరి' అనీ 'శ్రీమతి' అనీ మారుపేర్లతో రాసినవాళ్ళలో కొందరి అసలు పేర్లు పెన్సిలుతో ఉన్నాయి. కొన్ని వాళ్ళమ్మ చెప్పినవి, కొన్ని తను ఉత్తరాలు రాసి కనుక్కున్నవి.

అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. గార్‌ఫీల్డ్ చేసింది అదే కదా! ఒక రచన నుంచి దానికి బదులు పలికిన రచనకి దారి. ఆవిడకి సైటేషన్ ఇండెక్స్ అనే మాట తెలీదు. స్త్రీలు ఒకరి మాట ఒకరు విని, ఒకరికొకరు జవాబు చెప్పుకున్న చరిత్రని గళ్ళు గీసి పట్టుకున్నారు. నా థీసిస్ రెండో అధ్యాయం మొత్తం ఆ చివరి గడి మీద కట్టిందే.

థీసిస్‌లో ఏం చేశాను? నా థీసిస్ ఇంగ్లీషులో రాయాలి. గ్రంథసూచిలో పత్రికల పేర్లు, సంచికలు వరసగా వేశాను, ఏదో గ్రంథాలయంలో కూచుని నేనే వెతికి పట్టుకున్నట్టు. చేతిరాత నోటుబుక్కుని ఎలా చూపించాలో నాకు తెలీదు, ఎవరినీ అడగలేదు. నిజం చెప్పాలంటే, అడిగితే ఆ అధ్యాయంలో నాది ఎంత అనే ప్రశ్న వస్తుందని భయం కూడా ఉంది. కృతజ్ఞతల్లో 'పాత పత్రికలు చూడనిచ్చిన శ్రేయోభిలాషులకు' అని ఒక వాక్యం రాశాను.

డిగ్రీ వచ్చాక బైండు కాపీ ఒకటి పట్టుకుని వెళ్ళాను. పళ్ళెంలో పళ్ళు, దాని మీద థీసిస్. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, పేజీలు తిప్పి, "నా పుస్తకాల గురించి ఎక్కడ రాశావమ్మా?" అని అడిగారు. నేను కృతజ్ఞతల పేజీ తీసి చూపించాను. చదివారు. 'శ్రేయోభిలాషులు' అన్న మాట మీద వేలుంచి, "ఇందులో నేనున్నానా?" అన్నారు. ఉన్నారు టీచరు గారూ అన్నాను. "సరేలే" అని కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళారు.

ఆ అధ్యాయాన్ని తరవాత వ్యాసంగా అచ్చు వేయించాను. గూగుల్ స్కాలర్‌లో దానికి నాలుగు ఉటంకింపులున్నాయి. నా హెచ్ ఇండెక్స్ రెండు కావడానికి అది సగం కారణం. ఆ నలుగురూ నా పేరు రాశారు. వాళ్ళ తప్పేం లేదు, నేను చెప్పని పేరు వాళ్ళకెలా తెలుస్తుంది? ఒకసారి దారి తప్పించిన అప్పు అలా తరాలు తరాలు తప్పుతూనే పోతుంది.

ఇదొక్కటే అయితే అనుభవం లేనప్పుడు జరిగిన పొరపాటు అని సర్దిచెప్పుకునేదాన్ని. థీసిస్ మళ్ళీ తీసి చూస్తే ఇంకోటి కనిపించింది. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి' నేను పరిశీలించిన ఆత్మకథల్లో ముఖ్యమైనది. 2012లో, తొంభై ఏళ్ళు దాటాక ఆమె ప్రచురించిన పుస్తకం. చివరి రోజులు ఆమె గడిపింది మన విశాఖలోనే. 2018లో, నూరేళ్ళు నిండాక ఇక్కడే పోయారు. 2015లో వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్నే నేను ఎక్కువసార్లు ఉటంకించాను, పరీక్షకులకి సులువని. అంతకన్నా పెద్ద తప్పు ఏమిటంటే, ఆమె మాటలన్నీ 'ఉదాహరణలు'గా వాడాను. పార్టీ గురించి, పెళ్ళి గురించి, ఒంటరితనం గురించి ఆమె ఆలోచించి తేల్చుకున్నవాటిని సమాచారంగా పెట్టి, వాటికి అర్థం చెప్పడానికి మాత్రం పాశ్చాత్య సిద్ధాంతకారుల్ని పిలిచాను. అనుభవం మనది, ఆలోచన వాళ్ళది. ఉటంకింపుల సంఖ్య చూస్తే ఆమె పేరు చాలాసార్లే వస్తుంది. ఎలా వచ్చిందో సంఖ్య చెప్పదు.

ఇప్పుడు కొత్తగా సహకార జాలాలు గీస్తున్నారు. ప్రతి పరిశోధకుడూ ఒక చుక్క. కలిసి రాసినవాళ్ళ మధ్య, ఒకరినొకరు ఉటంకించినవాళ్ళ మధ్య ఒక గీత. ఎక్కువ గీతలు కలిసిన చుక్క పెద్దది. రెండు గుంపుల మధ్య వంతెనగా ఉన్న చుక్క ముఖ్యమైంది. మొదటిసారి అలాంటి పటం చూసినప్పుడు అచ్చం చుక్కల ముగ్గులా ఉందనిపించింది. ముగ్గు వేసే మనకి తెలిసిన సంగతే, ఎవరో ఒకరు చుక్క పెడితేగాని గీత కలవదు. టీచరు గారు ఆ పటంలో లేరు. అచ్చయిన రచన లేదు కాబట్టి చుక్క లేదు. చుక్క లేదు కాబట్టి ఆమె నుంచి నాకు వచ్చిన గీత లేదు. 1930లలో రాసిన స్త్రీలకీ ఇవాళ రాసేవాళ్ళకీ మధ్య ఉన్న వంతెన పటంలో కనపడకుండా పోయింది.

అలాగని స్త్రీల జాలాలన్నీ నిర్మలమైనవని నేను చెప్పబోవడం లేదు. మన పేరంటాలు గుర్తు తెచ్చుకోండి. వాయనం ఇచ్చేవారి చేతి నుంచి పుచ్చుకునేవారి చేతికి వెళ్తుంది. ఎంత అందమైన సహకారం! కానీ ఆ పేరంటానికి ఎవరిని పిలవరో కూడా మనకి తెలుసు. భర్త పోయిన స్త్రీని పిలవరు. ఊరి చివరి వాడనీ పిలవరు. మన స్త్రీవాద ఫుట్‌నోట్లు కూడా అలాంటి పేరంటాలుగానే సాగిన రోజులున్నాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చింది. 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీలు రాసినవాటిని ఒకచోట చేర్చిన సంకలనం. ఎనభై ఏళ్ళ రాత అది! అంతకాలం రాస్తున్నవాళ్ళు మన గ్రంథసూచుల్లో ఎందుకు కనిపించలేదని ఆ పుస్తకం ఉండటమే మనల్ని అడుగుతుంది. వాళ్ళు రాయక కాదు, మనం చుక్క పెట్టక.

ఇంకోవైపు చదివింపుల పద్ధతి ఉంది. పెళ్ళిలో ఎవరెంత చదివించారో పుస్తకంలో రాసుకుంటాం, వాళ్ళింట్లో పెళ్ళయినప్పుడు అంత తిరిగి చదివిస్తాం. "నా వ్యాసం నువ్వు వెయ్యి, నీది నేను వేస్తా" అని నాతోనూ అన్నవాళ్ళున్నారు. అలా పెరిగిన అంకెలు ఎన్నో. ప్రభావం అంటే చదివింపుల పుస్తకం బరువే అయితే, తిరిగి చదివించలేనివాళ్ళ మాటేమిటి? చనిపోయిన రచయిత్రులు, అచ్చులో లేని టీచర్లు, పోరాట కథ చెప్పి నాటుకి వెళ్ళిపోయిన కూలి ఆడవాళ్ళు, వీళ్ళని ఉటంకిస్తే మనకి తిరిగొచ్చేది ఏమీ లేదు. ఉటంకింపు నీతికి అసలు పరీక్ష అక్కడే ఉందనుకుంటాను.

ఇదంతా ఒక స్నేహితురాలితో అన్నాను. ఆమె దళిత పరిశోధకురాలు, మా ఊళ్ళోనే పాఠాలు చెప్తుంది. "నువ్వు చెప్పిందంతా నిజమే. కానీ అంకెలు తీసేస్తే ఏమొస్తుందో ఆలోచించావా? 'మనమ్మాయే, మంచి పిల్ల, నాకు తెలుసు' అనే మాట వస్తుంది. అలా చెప్పేవాళ్ళు నీకు ఒకరో ఇద్దరో ఉంటారు. నాకెవరున్నారు? కమిటీ ముందు నేను పెట్టగలిగింది నా అంకె ఒక్కటే" అంది. దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. కొలత వద్దనడం కూడా ఒక సౌకర్యమే. ఆ సౌకర్యం అందరికీ ఒకేలా లేదు. సిఫార్సుల రాజ్యంలో అంకె ఒక ఆయుధమే.

అందుకే అంకెలు తగలెయ్యమని నేననను. వాటి స్థానం ఏమిటో చెప్పమంటాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2012లో తయారైన 'డోరా' ప్రకటన, అచ్చేసిన పత్రిక పేరు చూసి మనిషి పనిని తూచవద్దని చెప్పింది. 2015 నాటి 'లైడెన్ మేనిఫెస్టో' అంకె మనిషి తీర్పుకి సాయంగా ఉండాలంది, స్థానిక విషయాల మీద స్థానిక భాషల్లో జరిగే పరిశోధనని కాపాడుకోవాలంది. ఇవి మనం రాసినవి కావు గానీ మనకి పనికొచ్చేవి. మన కమిటీల్లో కూచునే స్త్రీలు ఇవి చదివి, అభ్యర్థిని అంకె చూశాక ఒక వ్యాసమైనా పూర్తిగా చదువుతామని పట్టుబట్టవచ్చు. తెలుగులో రాసింది ఉంటే అదీ చదువుతామనవచ్చు. నా స్నేహితురాలు కూడా దీనికి ఒప్పుకుంది. "చదివితే నాకేం భయం? చదవరనే కదా అంకె పట్టుకెళ్తున్నాను" అంది.

కానీ కమిటీలు మారేదాకా ఆగకుండా, మన చేతిలో ఉన్నది ఒకటుంది. హెచ్ ఇండెక్స్ అడిగేది నీకు ఎంతమంది బాకీ అని. నువ్వు ఎవరికి బాకీ అన్నది ఏ కమిటీ అడగదు. అది మనల్ని మనమే అడుగుకోవాలి. నా మట్టుకు నేను మూడు నియమాలు పెట్టుకున్నాను. తెలుగు మూలం చదివితే తెలుగు మూలాన్నే ఉటంకించాలి, అనువాదం పక్కన వెయ్యచ్చు. ఒక స్త్రీ తన జీవితం గురించి ఆలోచించి చెప్పినదాన్ని ఆలోచనగానే తీసుకోవాలి, దానితో వాదించాలి, కేవలం ఉదాహరణగా అంటించకూడదు. ఎవరి శ్రమ లేకపోతే ఒక పేజీ రాయలేకపోయేదాన్నో, వాళ్ళ పేరు కృతజ్ఞతల్లో వదిలెయ్యకుండా ఆ పేజీ అడుగునే రావాలి.

ఈ నియమాలు చూసి గర్వపడటానికేం లేదు. పదేళ్ళ కిందట చెయ్యవలసినవి. అయినా థీసిస్‌ని పుస్తకంగా తెచ్చే పని ఇప్పుడు మొదలుపెట్టాను కాబట్టి, రెండో అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. పోయిన నెల టీచరు గారి దగ్గరికి వెళ్ళి, జరిగింది తప్పని చెప్పాను. ఈ వ్యాసం రాస్తున్నాననీ, ఇందులో ఆమె పేరు వేస్తాననీ అన్నాను. ఆవిడ వద్దన్నారు.

"పత్రికలో నా గురించి అయ్యో పాపం అని చదువుతారు. అది నాకొద్దు. నీ పుస్తకంలో, వెనకాల ఆ లిస్టుంటుంది చూడు, అందరి పేర్లూ అక్షరక్రమంలో, అక్కడ వెయ్యి."

అందుకే ఇక్కడ ఆమె పేరు లేదు. అక్కడ ఉంటుంది. ఇంటిపేరు, పేరు, పట్టికకి ఆమె పెట్టుకున్న శీర్షిక, నాలుగు సంపుటాలు, చేతిరాత, విశాఖపట్నం అని ఎంట్రీ రాసి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఆలోచించారు. లోపలికి వెళ్ళి నాలుగు రూళ్ళ పుస్తకాలూ తెచ్చి, పెన్సిలు చెక్కి నా చేతికిచ్చారు.

"వీటికి పేజీ నంబర్లు లేవమ్మా. ముందు అవి వేద్దాం. లేకపోతే రేపు ఇంకొకరు ఎలా వెతుక్కుంటారు?"

మొదటి పుస్తకం పూర్తయింది. 212 పేజీలు వచ్చింది.